ఎడమకి లాగే కారుతో ఆరేళ్లు, 91 వేల కిలోమీటర్లు

మాది పర్లాకిమిడి. ఈ పెట్రోల్ కారులో టెక్కలి మీదుగా శ్రీకాకుళం వారానికోసారి, ఇచ్ఛాపురం మీదుగా బరంపురం నెలకోసారి వెళ్లొస్తాను. ఇంజన్‌కి గానీ మైలేజీకి గానీ వంక పెట్టను. కానీ ఈ ఆరేళ్లలో మూడుసార్లు స్టీరింగ్ ఎడమకి లాగింది, మూడుసార్లూ కారణం వేరు. మొదటిసారి తెలియక వీల్ అలైన్‌మెంట్‌కి (చక్రాల కోణాలు సరిచేయించడానికి) రెండుసార్లు డబ్బు కట్టాను, అందుకే ఇదంతా రాస్తున్నాను.

అప్పుడు అసలు సంగతి గాలి. డోర్ దగ్గర స్టిక్కర్ మీద గాలి 33 పీఎస్ఐ అని ఉంటే ముందు ఎడమ టైర్లో 24 ఉంది, చిన్న మేకు దిగి మెల్లగా పోతోంది. గాలి తగ్గిన టైరు బరువుగా దొర్లుతుంది, బండి అటే పోతుంది.

కొన్నిసార్లు బండిలో ఏ లోపమూ ఉండదు. వాన నీరు పోవడానికి రోడ్డు మధ్యలో ఎత్తుగా వేస్తారు, మీటరుకి సుమారు రెండు సెంటీమీటర్ల వాలు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఏ కారైనా కాస్త ఎడమకి జారుతుంది. తెల్లారగట్ల ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద, ముందూ వెనకా ఎవరూ లేనప్పుడు, కాసేపు నడిమధ్యన పోనిచ్చి పట్టు కొంచెం వదలండి, చేతులు మాత్రం స్టీరింగ్ మీదే ఉండాలి. తిన్నగా పోతే అది రోడ్డు వాలే.

రెండోసారి ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించిన రోజే మొదలైంది. అలైన్‌మెంట్ రిపోర్టులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పంక్చర్ షాపు కుర్రాడు ఎడమ టైరు కుడికీ కుడిది ఎడమకీ మార్చాడు, అంతే, బండి కుడికి లాగడం మొదలుపెట్టింది! అంటే లోపం టైర్లోనే. టైరు రబ్బరు లోపల చుట్టూ ఉండే ఉక్కు తీగల పొర, అంటే బెల్టు, కాస్త పక్కకి పడితే టైరు శంకువులా ఒక వైపుకి దొర్లుతుందట. ఆ టైరు వెనక వేశాక మళ్లీ లాగలేదు. టైరు మీద ఏ వైపుకి తిరగాలో చూపే బాణం గుర్తు ఉంటే మాత్రం ఇలా ఊరికే పక్కలు మార్చకూడదు, రిమ్ నుంచి తీసి తిప్పి వేయాలి.

మూడోసారి నిజంగా భయపడ్డాను. పోయిన వానాకాలం నాన్నగారితో గుణుపూర్ నుంచి వస్తుంటే కాశీనగర్ దాటాక బాగా ఎడమకి లాగుతోంది, పైగా మాడు వాసన. దిగి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి, కుడిది మామూలుగానే ఉంది. బ్రేక్ ప్యాడ్లని చక్రంతో తిరిగే డిస్క్‌కి నొక్కే భాగాన్ని కాలిపర్ అంటారు, అది జరిగే పిన్ తుప్పు పట్టి ప్యాడ్ డిస్క్‌ని వదలడం లేదు. పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టి ప్యాడ్లు మార్చారు. ఇలాంటి వేడి కనిపిస్తే ఇంటికెళ్లాక చూద్దాం అనుకోవద్దు, అక్కడే ఆపేయండి. బ్రేక్ వేసినప్పుడు మాత్రమే ఎడమకి పోతుంటే కుడి బ్రేక్ సరిగ్గా పట్టకపోయినా అలాగే అవుతుంది, రెండు వైపులా చూపించుకోండి.

పెద్ద గుంతలో పడ్డాక తిన్నగా పోతున్నా స్టీరింగ్ వంకరగా ఉంటేనో, టైరు ఒక అంచే అరుగుతుంటేనో అలైన్‌మెంట్‌కి వెళ్లండి. బ్యాలెన్సింగ్ (చక్రానికి చిన్న బరువులు పెట్టి సమం చేయడం) వణుకుకి పనికొస్తుంది, లాగడానికి కాదు.