ఇంట్లో మొక్కలకు ఎల్ఈడీ బల్బులు: ఏళ్ల తరబడి వాడాక

ఎండ సరిగా పడని గదిలో పాలకూర, పుదీనా, టమాటా నారు పెంచడానికి కొన్నేళ్లుగా రకరకాల బల్బులు వాడుతున్నాను. ఇప్పుడు నా అరల్లో మిగిలినవి మామూలు తెల్ల ఎల్ఈడీలే. మొక్కల కోసమని ప్రత్యేకంగా అమ్మే ఊదారంగు బల్బులు తీసేశాను.

ఊదా బల్బు పనిచేయదని కాదు. పత్రహరితం ఎక్కువగా పీల్చుకునేది నీలం, ఎరుపు కాంతులనే. ఆ బల్బులో ఉండేవీ అవే. మొక్క బాగానే పెరుగుతుంది. ఇబ్బందల్లా చూసే మనకే. ఆ వెలుగులో ఆకులన్నీ నల్లగా ఒకేలా కనిపిస్తాయి. పుదీనాకు ఎర్రనల్లి పట్టిన సంగతి కుండీని కిటికీ దగ్గరికి తెచ్చి, ఆకు తిప్పి చూస్తే గానీ తెలియలేదు. పైన పసుపు చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి సన్నటి దారాలు. తెల్ల వెలుగులో అయితే నీళ్లు పోసేటప్పుడే కంటపడేది. పైగా తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేదీ నీలం చిప్పే. దాని మీది ఫాస్ఫర్ పూత ఆ నీలంలో కొంత భాగాన్ని మిగతా రంగులుగా మారుస్తుంది. అందులోని ఆకుపచ్చ కాంతి కూడా వృథా పోదు, పై ఆకులను దాటి కింది ఆకులదాకా చేరుతుంది.

నారుకు 6500 కెల్విన్ బల్బు, అంటే కాస్త నీలి ఛాయ ఉండే చల్లటి తెల్ల వెలుగుది, నాకు బాగా కుదిరింది. కాడలు పొట్టిగా, గట్టిగా వచ్చాయి. అయినా రంగు కంటే దూరమే ముఖ్యమని నా గట్టి నమ్మకం. చిన్న బల్బును రెట్టింపు దూరం జరిపితే ఆకు మీద పడే వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. నారు కాడలు సాగి పక్కకు వాలుతుంటే ఎరువు కోసం వెతక్కండి, ముందు బల్బును కిందికి దించండి. పై ఆకులు పాలిపోతుంటే మాత్రం కాస్త పైకెత్తాలి. పొడవాటి అరకు బల్బు కంటే ట్యూబు నయం, వెలుగు అంతటా సమంగా పడుతుంది.

పెట్టె మీద ‘100 వాట్లకు సమానం’ అని ఉంటే అది పాత ఫిలమెంటు బల్బుతో పోలిక మాత్రమే. బల్బు నిజంగా తీసుకునే వాట్లు పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటాయి, అవి చూడండి. ల్యూమెన్లు మన కంటికి కనిపించే వెలుగుకు కొలత. మొక్కల దీపాలకైతే పీపీఎఫ్‌డీ ఇస్తారు, అంటే మొక్క వాడుకోగల కాంతి ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎంత పడుతుందో మైక్రోమోళ్లలో చెప్పే లెక్క. ఆకుకూరలకు 200 దాకా ఉంటే చాలు, కాపు కావాలంటే 400 దాటాలి. ఆ అంకె ఎంత దూరంలో కొలిచారో రాయని పెట్టెను నేను కొనను.

టైమర్ తప్పకుండా పెట్టుకోండి. నారుకు రోజుకు 14 నుంచి 16 గంటలు సరిపోతాయి. రాత్రంతా కూడా వెలిగిస్తే టమాటా ఆకులు పసుపెక్కుతాయి.

మన్నిక సంగతికొస్తే, మూసి ఉన్న గాజు డోముల్లో పెట్టినవి త్వరగా పోయాయి. వేడి బయటికి పోక లోపల ఎల్ఈడీకి తగినట్టు కరెంటును మార్చి ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్ దెబ్బతింటుంది. తెరిచి ఉన్న హోల్డర్లలోవి ఇంకా వెలుగుతున్నాయి, కాకపోతే కొంచెం మసకబారాయి. ఆకుకూరలకు, నారుకు ఈ మామూలు బల్బులకు నిండు మార్కులు వేస్తాను. టమాటా కాపుకు మాత్రం ఇవి చాలవు: పూత వచ్చింది, చాలావరకు రాలిపోయింది. దానికి బలమైన ప్యానెల్ దీపమే కొనండి.