గేర్‌బాక్సు దించకుండానే లీకు పట్టుకున్న షెడ్డు

భీమవరం నుంచి ఉండి వెళ్లే రోడ్డు పక్కన, బోర్డు మీద అక్షరాలు కూడా వెలిసిపోయిన ఒక రేకుల షెడ్డులో నా కారు రెండు రోజులు ఉంది. లీకు క్లచ్చుదో గేర్‌బాక్సుదో తేలక అక్కడికి వెళ్లాను. పని పూర్తయిన మర్నాడే మెచ్చుకోవడం తొందరపాటు అవుతుందనిపించి ఆగాను. ఇప్పటికి నాలుగు నెలలైంది.

నాది తొమ్మిదేళ్ల పాత డీజిల్ కారు. ఇంజిన్ బలం ముందు చక్రాలకే వెళ్తుంది, క్లచ్చు కేబుల్ మీద కాకుండా ఫ్లూయిడ్ మీద పనిచేస్తుంది. పాలకొల్లులో మా వాకిట గచ్చు మీద, ముందు చక్రాల మధ్య రూపాయి బిళ్లంత మరక కనిపించినప్పుడు ఏసీ నీరే అనుకుని ఊరుకున్నాను. వారం తిరిగేసరికి అది సాసరంత అయింది, పైగా మధ్యాహ్నపు ఎండకు కూడా ఆరలేదు. అవే రోజుల్లో క్లచ్చు పెడలు మెత్తబడి, పొద్దున్నే మొదటిసారి తొక్కితే సగం దాకా ఉత్తినే దిగిపోయేది, రివర్స్ గేరు గరగరమంటూ పడేది.

మొదట చూపించిన పెద్ద సర్వీస్ సెంటరు పేరు ఇక్కడ అనవసరం. అక్కడి కుర్రాడు కారును పైకి లేపి, పది నిమిషాలు టార్చి వేసి చూసి, బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్చును కప్పి ఉంచే గుల్ల) అంచున తడి ఉంది, డబ్బాలో ఫ్లూయిడ్ తగ్గింది, పెడలు మెత్తగా ఉంది కనుక లోపలి క్లచ్చు సిలిండరు పోయిందని తేల్చాడు. గేర్‌బాక్సు దించాలి, ఎలాగూ దించుతున్నాం కాబట్టి క్లచ్చు సెట్టంతా మార్చాలి, మొత్తం 26,000 రూపాయలు అని కాగితం చేతిలో పెట్టారు. ఆ తర్కాన్ని పూర్తిగా తప్పనలేను. ఆ సిలిండరు బెల్ హౌసింగ్ లోపలే ఉండే బళ్లలో అది కారితే లక్షణాలు సరిగ్గా ఇలాగే కనిపిస్తాయి. కానీ కారుతున్నది ఏ నూనో ఎవరూ వేలితో ముట్టి చూడలేదు.

షెడ్డు నడిపే ఆయనను అందరూ మేస్త్రి గారనే పిలుస్తారు. నేను చెప్పినదంతా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "వచ్చేముందు కింద కడిగించారాండి?" లేదని నేనన్నాక, "మంచి పని చేశారండి" అని కారు కింద పాత పేపరు పరిచి, పడిన చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది వాసన చూసి, నన్నూ చూడమన్నారు. కుళ్లిన గుడ్డుకు దగ్గరగా ఉండే ఘాటు వాసన, తేనె రంగు. గేర్ల పళ్ల మీద ఒత్తిడిని తట్టుకోవడానికి గేర్‌బాక్సులో పోసే నూనెలో గంధకం సమ్మేళనాలు కలుపుతారు కాబట్టి ఆ వాసన వస్తుంది. డీజిల్ ఇంజిన్ ఆయిల్ అయితే మసి కలిసి కాటుకలా ఉండేది, అంటే ఇంజిన్ వెనకాల నూనె కారకుండా ఆపే రబ్బరు సీలు మీద అనుమానం అప్పటికే సగం తగ్గింది. తరువాత స్టీలు గ్లాసులో నీళ్లు తెప్పించి ఆ చుక్కను అందులో వేశారు. అది పైన తేలింది. క్లచ్చు ఫ్లూయిడ్ అయితే నీళ్లలో కలిసిపోయేదని, కాబట్టి కింద కారుతున్నది గేర్ ఆయిల్ మాత్రమేనని చెప్పారు.

మరి ఫ్లూయిడ్ ఎందుకు తగ్గినట్టు? ఆయన డ్రైవరు వైపు మ్యాటు ఎత్తారు. పెడలు వెనక నుంచి గోడ వెంట ఒక తడి చార దిగి, మ్యాటు కింద గుడ్డను నానబెట్టింది. దాన్ని తుడిచి నీళ్లలో జాడిస్తే పాలలో పంచదారలా కలిసిపోయింది. పెడలు తొక్కినప్పుడు ఫ్లూయిడ్‌ను నెట్టే, పెడలు దగ్గరి మాస్టర్ సిలిండరు కారులోపలికే కారుతోందన్నమాట. రెండు వేర్వేరు లీకులు ఒకే నెలలో రావడంతో, ఒకదాని మరకనూ మరొకదాని లక్షణాన్నీ జతచేసి మొదటివాళ్లు లేని మూడో జబ్బును కనిపెట్టారు.

అప్పటికీ ఆయన పానా పట్టలేదు. బెల్ హౌసింగ్ అడుగున ఉండే చిన్న సందులోంచి తీగకు దూది చుట్టి లోపల తిప్పి తీస్తే, క్లచ్చు ప్లేటు అరిగిన నల్లటి పొడి తప్ప నూనె అంటలేదు. ఇంజిన్ సీలు గానీ, గేర్‌బాక్సు ముందు షాఫ్టు సీలు గానీ, లోపలి సిలిండరు గానీ కారుతుంటే ఆ దూది తడిసి రావాలి. ఆ ఒక్క దూదితో 26,000 రూపాయల పని అక్కర్లేదని తేలిపోయింది. ఆ తరువాత గేర్‌బాక్సును డీజిలుతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, టాల్కం పౌడరు చల్లి, కారును ఆకివీడు దాకా నడిపించి తీసుకువచ్చారు. నడిచే బండి కింద గాలి నూనెను వెనక్కి నెడుతుంది కాబట్టి అన్నిటికన్నా తడిగా ఉన్న చోటు లీకు మొదలైన చోటు కానక్కర్లేదని, అన్నిటికన్నా పైనా ముందూ తడిసిన చోటే చూడాలని దారిలో వివరించారు. తిరిగి వచ్చి చూస్తే, ఎడమ చక్రానికి వెళ్లే యాక్సిల్ గేర్‌బాక్సులోకి దూరే చోట పౌడరు తడి విభూతిలా ముద్దయి, అక్కడి నుంచి సన్నటి గీత బెల్ హౌసింగ్ అంచుకు జారింది.

నేనైతే అక్కడితో ఆగిపోయి సీలు మార్చెయ్యమనేవాణ్ణి. ఆయన గేర్‌బాక్సు నెత్తిన ఉండే చిన్న బ్రీదర్ మూతను తిప్పి చూశారు. అది తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. బండి నడిచేకొద్దీ లోపలి నూనె వేడెక్కి గాలి వ్యాకోచిస్తుంది, దానికి బయటికి దారి లేకపోతే ఆ ఒత్తిడి సీలు పెదవి మీద పడుతుంది. ఇక్కడి రోడ్ల మీద రొయ్యల, చేపల లారీల నుంచి కారే నీళ్లలో రోజూ తిరిగే బళ్లకు ఇది మామూలేనట. అది సరిచేయకుండా సీలు ఒక్కటే మార్చి పంపితే మళ్లీ వస్తారని ఆయన అన్నారు. తీసిన పాత సీలును నా చేతికిచ్చారు: రబ్బరు పెదవి ప్లాస్టిక్కులా గట్టిపడి ఉంది. యాక్సిల్ మీద సీలు ఆనే చోట గోరు గీసి, గాడి తగలడం లేదని చూపించిన తరువాతే కొత్తది బిగించారు.

ఫిర్యాదులూ ఉన్నాయి. గేర్‌బాక్సులోకి షెల్ఫు మీద ఉన్న చిక్కటి తొంభై నంబరు ఆయిల్ పోయబోయారు. యజమాని పుస్తకంలో ఉన్నది పలచటి 75డబ్ల్యూ-80, జీఎల్-4 రకం అని నేను చూపించి పట్టుబట్టాల్సి వచ్చింది. చిక్కటి నూనెతో చల్లటి పొద్దుల్లో గేర్లు బిగుతుగా పడతాయి. అది జీఎల్-5 రకం అయితే కొన్ని గేర్‌బాక్సుల్లో గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి రింగులకు మంచిది కాదు. లీకు పట్టడంలో అంత ఓపిక చూపిన మనిషి నూనె దగ్గర "ఏదైనా ఒకటేనండి" అనడం నాకు నచ్చలేదు. కొత్త సీలు విజయవాడ నుంచి రావడం ఒక రోజు ఆలస్యమైంది, ఆ సంగతి ఫోను చేసి చెప్పలేదు. బిల్లు అడిగితే నోటుబుక్కు కాగితం చింపి ఇచ్చారు. కూర్చోవడానికి ఒక పాత టైరు తప్ప ఏమీ లేదు.

మొత్తం 7,400 రూపాయలు తీసుకున్నారు. అందులో 600 లీకు వెతికినందుకు. ఏమీ బిగించకపోయినా ఆ డబ్బు ఇవ్వాలని ముందే చెప్పారు, అది న్యాయమేననిపించింది. క్లచ్చు ఫ్లూయిడ్ సీలు తీయని డబ్బా నా ఎదుటే తెరిచారు. ఆ ఫ్లూయిడ్ గాలిలోని తడిని పీల్చుకునే రకం, మన డెల్టా ఉక్కలో మూత తీసిన డబ్బాను వారాలు ఉంచితే పనికిరాదు. ఈ నాలుగు నెలల్లో సుమారు 3,000 కిలోమీటర్లు తిరిగాను. పెడలు గట్టిగా ఉంది, రివర్స్ గేరు చప్పుడు లేకుండా పడుతోంది, వాకిట్లో పరిచిన పేపరు మీద ఏసీ నీటి చుక్కలు తప్ప మరేమీ లేదు.

వెళ్లదలచినవారు ఉదయం తొమ్మిదికల్లా వెళ్లండి, పదకొండు దాటితే లారీల పని మొదలై మీ వంతు సాయంత్రానికి గానీ రాదు. యజమాని పుస్తకం వెంట తీసుకెళ్లండి, కారు కింద మాత్రం కడిగించకండి.