ఎయిర్ గన్‌లో ‘అల్ట్రా లైట్’ పెల్లెట్లు: జాగ్రత్త, వాడేముందు పది తూయించండి

భీమవరం, అమలాపురం, రాజోలు వైపు స్ప్రింగు ఎయిర్ గన్ ఉన్నవాళ్లందరికీ ఒక మాట. ‘సీసం లేదు, మొత్తం ఒకే లోహం, అల్ట్రా లైట్, 1250 ఎఫ్‌పీఎస్’ (అంటే వేగం సెకనుకి 1250 అడుగులు) అని డబ్బా మీద అచ్చేసిన 4.5 మి.మీ. పెల్లెట్లు, అదే గుండ్లు, ఆన్‌లైన్లో కనబడితే ఆర్డరు పెట్టకండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. సీలు ఊడిన డబ్బాని వెనక్కి తీసుకోమంటే ఏ అమ్మకందారైనా మొండికేస్తాడు.

అమెరికా వేట వీడియోల్లో తేలిక గుండు చూసి మోజు పడకండి. అక్కడ జింకల వేటకి 243 (0.243 అంగుళం) లాంటి చిన్న బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు తక్కువున్న రైఫిల్లో పూర్తి రాగి తూటా వాడతారు. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం తూటా నిషేధం కూడాను. రాగి సాంద్రత 8.96, సీసానిది 11.34. అంటే అదే బరువుకి రాగి తూటా పొడవెక్కువ అవుతుంది. పొడవు తూటా తిన్నగా పోవాలంటే బ్యారెల్ లోపల గుండుని తిప్పే మెలి గాడులు (మరలు) బిగువుగా తిరిగి ఉండాలి. అందుకని బరువు తగ్గించి 80 గ్రెయిన్లది, అంటే 5.2 గ్రాములది ఎంచుకుంటారు. బరువు తగ్గితే వేగం పెరుగుతుంది, ఆ వేగానికే తూటా ముక్కు పువ్వులా విచ్చుకుంటుంది. అది సెకనుకి వెయ్యి మీటర్ల దగ్గర్లో నడిచే వ్యవహారం, మందుగుండు బలం మీద నడిచేది. మన గన్ను నడిపేది స్ప్రింగు. ఇందులో గుండు ముక్కు అలా విచ్చుకోదు. అక్కడి లెక్క ఇక్కడ పనికిరాదు.

డబ్బా మీది అంకెని ఒకసారి లెక్కేసి చూడండి. 1250 అడుగులంటే సెకనుకి 381 మీటర్లు. గుండు 0.34 గ్రాములనుకుంటే దాని శక్తి 24.7 జౌల్స్. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా ఉంచుకోగల ఎయిర్ గన్‌కి పరిమితి 20 జౌల్స్, బోరు 4.5 మి.మీ. కాబట్టి ఆ అంకె నిజమైతే మీ చేతిలో ఉన్నది లైసెన్సు కావలసిన గన్, అబద్ధమైతే మీరు డబ్బు పోసింది అబద్ధానికి. రెండోదే ఎక్కువ. ఒకవేళ నిజంగా అంత వేగం వచ్చినా మేలేం లేదు. మన వేసవిలో ధ్వని వేగం 350 మీటర్లుంటుంది. నడుం సన్నటి పెల్లెట్ ఆ గీత దాటి, మళ్లీ నెమ్మదించి వెనక్కి దిగేటప్పుడు తడబడుతుంది, గురి చెదురుతుంది.

అసలు నష్టం గన్‌కి. ట్రిగ్గరు నొక్కగానే పిస్టన్ ముందుకి దూసుకొస్తుంది. దాని ముందున్న గాలి నలిగి, గుండు కదిలేలోపు ఒక దిండులా అడ్డుపడుతుంది. పిస్టన్ ఆ దిండు మీద ఆగాలి. తేలిక గుండు తొందరగా జారిపోతే దిండు ఉండదు. పిస్టన్ మూతి పోయి సిలిండరు చివరి గోడకి గుద్దుకుంటుంది. గుండు లేకుండా ఖాళీ గన్ పేల్చొద్దనేదీ ఇందుకే. దీనికి తోడు ఈ పెల్లెట్లకి వాడే టిన్ను, జింకు కలిపిన లోహం సీసం కంటే గట్టిది. సీసం గుండు వెనకంచు గాలి ఒత్తిడికి విచ్చుకుని బ్యారెల్ మరల్ని పట్టుకుంటుంది. ఇది అంతలా విచ్చుకోదు, పక్కల నుంచి గాలి పోతుంది. ముందు పిస్టన్ వాషరు పోతుంది, తర్వాత స్ప్రింగు విరుగుతుంది. ‘టప్’ అనే శబ్దం ‘ఠంగ్’ అని ఇనుప మోతగా మారినా, బ్యారెల్ మడిచేటప్పుడు లోపల గరగరమన్నా, స్టాకు (గన్ చెక్క పిడి) స్క్రూలు ఊరికే వదులైపోతున్నా ఆ డబ్బా పక్కన పడేయండి.

శబ్దం బాగా రావాలని బ్యారెల్లో కొబ్బరినూనె చుక్క వేసేవాళ్లకి చెప్పాలి: నూనె ఒత్తిడికి అంటుకుని లోపల పేలుతుంది, వాషరు మాడిపోతుంది. మానేయండి.

ఇక పరీక్ష. పది పెల్లెట్లు తీసుకుని బంగారం కొట్లో కాటా మీద తూయించండి. మామూలు సీసం మ్యాచ్ పెల్లెట్ (పోటీల్లో వాడే రకం) ఒక్కోటి 0.53 గ్రాములు, పది కలిపి 5.3. పదీ కలిపి 3.6 లోపు వస్తే అది తేలిక రకమే, డబ్బా మీద ఏం రాసుకున్నా సరే. తర్వాత ఒక్కొక్కటీ తూయండి. ఒకదానికీ ఇంకోదానికీ 0.02 గ్రాములు దాటి తేడా ఉంటే అచ్చు సరిగ్గా లేదన్నట్టు. గాజుపలక కొద్దిగా వాల్చి దొర్లించండి, అన్నీ ఒకే వంపులో తిరగాలి. ఎగుడుదిగుడుగా దొర్లేవాటిని ఏరేయండి. బ్యారెల్ నోట్లో పెట్టినప్పుడు వేలితో కాస్త నొక్కితేనే కూర్చోవాలి, దానంతటది జారిందా, వాడకూడదు. గన్ ఇప్పటికే దెబ్బతిందేమో చూడాలంటే సీసం గుండు పెట్టి, బ్యారెల్ మడిచే కీలు మీద చిన్న టిష్యూ కాగితం ముక్క ఉంచి పేల్చండి. కాగితం ఎగిరితే అక్కడ గాలి పోకుండా ఆపే ఓ-రింగు పోయింది.

గట్టి లోహంతో ఇంకో ప్రమాదం, గుండు తగిలి ఎదురు తిరగడం. ఇనుప రేకు, సిమెంటు గోడ, కొబ్బరి మాను మీద గురి పెట్టకండి. మాను గుండ్రం, గుండు ఎటు పోతుందో తెలీదు. చెరువుకి అవతలి గట్టు మీద డబ్బా పెట్టి కొట్టడం అంతకన్నా చెడ్డ అలవాటు. తక్కువ కోణంలో నీళ్లని తాకిన గుండు పెంకులా ఎగిరిపోతుంది. చెక్కపెట్టెలో తడి ఇసుక సంచి, ముందు కాగితం, కళ్లకి గ్లాసులు: 10 మీటర్లకి ఇంతే చాలు. సముద్రం గాలి మొదలయ్యాక తేలిక గుండు ఇంకా పక్కకి కొట్టుకుపోతుంది, పొద్దున్నే ఆడుకోండి.

రొయ్యల, చేపల చెరువుల దగ్గర నీటికాకుల కోసం గన్ కొనేవాళ్లు కూడా ఉన్నారు. 1972 వన్యప్రాణి చట్టం కింద వాటిని కొట్టడం నేరం. దుప్పి అయినా, కొంగ అయినా అంతే. హానికర జంతువులంటూ కాకిని చేర్చిన పాత జాబితాని కూడా 2022 సవరణ ఎత్తేసింది. చెరువు మీద వల కట్టుకోండి.

సీసం భయం నిజమే, కాదనం. అందుకు మందు చేతులు సబ్బుతో కడుక్కోవడం, పిల్లలకి డబ్బా అందకుండా పెట్టడం, మన తేమకి తెల్ల పొడి పట్టిన పెల్లెట్లు ముట్టకపోవడం.

కొనేసిన డబ్బా వెనక్కి పోకపోతే, పీసీపీ గన్ (ముందే గాలి నింపి పెట్టుకునే రకం) ఉన్నవాళ్లెవరికైనా ఇచ్చేయండి. అందులో పిస్టన్ లేదు కాబట్టి గుద్దుకునేదీ లేదు. గురి కుదురుతుందా లేదా అనేది వాళ్ల అదృష్టం.