షుగర్ గ్రూప్ విజిట్లు: రెండేళ్ల తర్వాత నా మాట

డల్లాస్ దగ్గర మా క్లినిక్‌లో షుగర్ కోసం గ్రూప్ విజిట్లకు వెళ్లడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. మూడు నెలలకోసారి గంటన్నర. పదిమంది దాకా పేషెంట్లం, ఒక డాక్టరు, నర్సు, డైటీషియన్. 1996లో కాలిఫోర్నియాలో, కైజర్ పర్మనెంటే అనే వైద్య సంస్థలో ఎడ్వర్డ్ నాఫ్‌సింగర్ అనే సైకాలజిస్టు మొదలుపెట్టిన పద్ధతి ఇలాంటిదే.

ఇదేదో క్లాసు అనుకోకండి. వెళ్లగానే బరువు, బీపీ చూస్తారు. సాక్సులు విప్పించి, కళ్లు మూసుకోమని, సన్నని నైలాన్ పోగును అరికాలికి ఆనించి అది వంగేదాకా నొక్కుతారు. స్పర్శ తెలిసినప్పుడల్లా చెప్పాలి. తర్వాత అందరం కూర్చుంటే డాక్టరు ఒక్కొక్కరి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చూసి మందులు మారుస్తారు. మిగతావాళ్లం వింటాం, మధ్యలో అడుగుతాం.

లాభమంతా ఆ అడగడంలోనే ఉంది. ఒకసారి ఎదురుగా కూర్చున్న పెద్దాయన కాళ్లు తిమ్మిర్లు ఎక్కుతున్నాయన్నారు. షుగర్ వల్లే అనుకున్నాం అందరం. డాక్టరు మాత్రం షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్లుగా వాడుతున్నారని అడిగి బీ12 విటమిన్ టెస్ట్ రాశారు. ఏళ్ల తరబడి ఆ మందు వాడితే బీ12 తగ్గే అవకాశం ఉందట, అది తగ్గినా తిమ్మిర్లు వస్తాయట. నాదీ అదే మందు, పైగా శాకాహారిని. నాకూ రాయమన్నాను. తక్కువే వచ్చింది. డాక్టరు ముందు ఒక్కణ్ణే కూర్చుని ఉంటే ఆ ప్రశ్న నాకు తట్టేది కాదు.

తిండి దగ్గర కొంత తంటా. సగం కంచం కూరగాయలు, పావు ప్రొటీన్, పావు అన్నమో రొట్టో అంటారు. మరి పప్పు ఎందులోకి అంటే డైటీషియన్ నవ్వి, ప్రొటీన్, అన్నం రెండింట్లోకీ అంది! తిన్న రెండు గంటలకు మీటర్ 180 లోపు చూపిస్తే సరే అని తేల్చాం.

లోపాలూ ఉన్నాయి. వాగుడుకాయ ఒక్కడుంటే చాలు, అరగంట గోవిందా. డాక్టరు అడ్డుకోరు, నాకది నచ్చదు. ఇక్కడ విన్నది బయట చెప్పనని సంతకం పెట్టించుకుంటారు గానీ, పడకగది సమస్యలు పదిమందిలో ఎవరు చెబుతారు? అలాంటివాటికి చివర్లో విడిగా ఐదు నిమిషాలు అడిగి తీసుకోవాలి. ఇంగ్లీష్ తడబడే మన పెద్దవాళ్లు మూలన కూర్చుని వచ్చేస్తారు, వాళ్లకిది దండగ. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చోవచ్చేమో ముందే కనుక్కోండి.

కో-పే (విజిట్‌కి మన జేబులోంచి కట్టే వాటా) నాకు మామూలు విజిట్‌కి పడేదే పడుతోంది. మీ ఇన్సూరెన్స్ వాళ్లను మాత్రం ఓ మాట అడగండి.