పాత మోటార్‌హోమ్ కొనేవాళ్లకు హెచ్చరిక: నీళ్ల ట్యాంకుకు గాలి ఆడుతోందో లేదో చూడకుండా డబ్బు ఇవ్వకండి

పాత మోటార్‌హోమ్ (లోపలే మంచం, సింకు ఉండే ఇల్లులాంటి బండి) కొందామని తిరుగుతున్నవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. ఇంజను మోత వింటాం, టైర్లు చూస్తాం, పైకప్పు కారుతోందేమోనని మూలమూలలా తడుముతాం. మంచినీళ్ల ట్యాంకు గాలి పైపు మీదికి మాత్రం ఎవరి చూపూ పోదు. నేను కొన్న 1970ల నాటి బండిలో ఆ పైపును కావాలనే మూసేశారు. ఆ సంగతి దాచిపెట్టి నాకు అమ్మారు. చివరికి ట్యాంకు పగిలింది, దాని మీదున్న మంచం చెక్క ఊడి పైకి లేచింది, కింద ప్లైవుడ్ నేల నాని పొరలు పొరలుగా విడిపోయింది. ఇంకొకరికి ఇలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

బండి చూపించిన రోజు అంతా బాగానే కనిపించింది. అమ్మే ఆయన పంపు స్విచ్ వేసి సింకు దగ్గర ట్యాపు తిప్పారు. నీళ్లు ధారగా వచ్చాయి, పంపు మోత ఒకే తీరుగా ఉంది. ప్యానెల్ మీద ట్యాంకు మూడో వంతు ఉన్నట్టు చూపించింది. నిండా నింపి చూద్దామని అడిగితే, "వద్దండీ, 200 లీటర్లంటే 200 కిలోల బరువు. ఇప్పుడు నడిపి చూస్తారు కదా, బండి లాగడం లేదనుకుంటారు" అన్నారు. బయట నీళ్లు పోసే చోట చిన్న తలుపు తెరిచే ఉంది, ఫిల్లర్ మూత గొలుసుకు వేలాడుతోంది. అదేమిటని అడిగితే, మీకు చూపించడానికే తెరిచిపెట్టానన్నారు.

మోసం సరిగ్గా ఆ రెండు చోట్లే ఉంది. ట్యాంకులోంచి ఎన్ని లీటర్ల నీళ్లు బయటికి పోతే అన్ని లీటర్ల గాలి లోపలికి రావాలి. నింపేటప్పుడు అంత గాలీ బయటికి పోవాలి. నూనె డబ్బాకు రెండో చిల్లు పెట్టకపోతే నూనె సాఫీగా రానట్టే ఇదీను. ఆ రెండో చిల్లు పనిని ట్యాంకు పైభాగం నుంచి వెళ్లే సన్నని వెంట్ పైపు చేస్తుంది. సాధారణంగా దాని లోపలి వెడల్పు 12, 13 మిల్లీమీటర్లకు మించి ఉండదు. అది మూసుకుపోయినా, ఫిల్లర్ మూత తెరిచి ఉంటే గాలి ఆ పెద్ద గొట్టంలోంచి వచ్చేస్తుంది కాబట్టి ట్యాపులో తేడా తెలియదు. ఇక ట్యాంకును నిండా నింపబోతే నీళ్లు ఎదురుతన్ని ఫిల్లర్‌లోంచి మొహం మీద కొడతాయి, గుట్టు అక్కడికక్కడే బయటపడుతుంది. అందుకే మూత తెరిచి ఉంచారు, అందుకే నింపనివ్వలేదు.

బండి నా చేతికి వచ్చి, మూత బిగించాక అసలు రంగు బయటపడింది. ట్యాపు తిప్పితే కాసేపు బాగానే వచ్చి, తర్వాత ధార సన్నబడి, ఉమ్మినట్టు తెరలు తెరలుగా పడేది. పంపు ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా మూలిగేది. మంచం కింద నుంచి 'ధబ్' మని రేకు నొక్కుకుపోయినట్టు చప్పుడు. అది ట్యాంకు గోడలు లోపలికి పీక్కుపోతున్న చప్పుడు. ఫిల్లర్ మూత విప్పగానే 'స్స్‌స్' అంటూ గాలి లోపలికి దూసుకుపోయేది. ఆ శబ్దం ఒక్కటి చాలు, వెంట్ పనిచేయడం లేదని చెప్పడానికి.

రిపేరు షాపులో ఇవన్నీ వివరంగా చెప్పాను, మూత విప్పి ఆ శబ్దం కూడా వినిపించాను. పంపు బలహీనపడిందని తేల్చారు. ఇంకా ఎక్కువ శక్తి ఉన్న పంపు బిగించి బిల్లు చేతిలో పెట్టారు. వెంట్ పైపు చూడమని అడిగితే మంచం విప్పాలి, అనవసరం అన్నారు. గాలి ఆడని ట్యాంకుకు బలమైన పంపు పెడితే గోడలు ఇంకా గట్టిగా పీక్కుపోతాయి తప్ప ఒరిగేదేమీ లేదు. మీరు కొన్న బండికి ఇవే లక్షణాలుంటే, వెంట్ చూడకుండా పంపు మార్చేస్తామనే మెకానిక్ దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండకండి.

పగలడం మాత్రం వాడేటప్పుడు కాదు, బయటి కుళాయి లైనుకు కనెక్షన్ ఇచ్చి పెట్టినప్పుడు జరిగింది. అలా ఇచ్చినప్పుడు నీళ్లు ట్యాంకులోకి పోకుండా నేరుగా ట్యాపులకు వెళ్లాలి. వెనక్కి, ట్యాంకు వైపు పోకుండా పంపు లోపలి చెక్ వాల్వు ఆపుతుంది. ఆ వాల్వులో ఇసుక రేణువో, పొలుసు ముక్కో ఇరుక్కుంటే నీళ్లు మెల్లగా వెనక్కి కారి ట్యాంకును నింపుతూ పోతాయి. వెంట్ తెరిచి ఉన్న బండిలో ఇది పెద్ద ప్రమాదం కాదు. ట్యాంకు నిండగానే వెంట్ లోంచి నీళ్లు బయట పడతాయి, చూసి కుళాయి కట్టేస్తాం. నా బండిలో ఆ దారి లేదు. బయటి లైనులో ఒత్తిడి తరచుగా 3 బార్ దాకా ఉంటుంది. ఈ ప్లాస్టిక్ ట్యాంకులు అందులో చిన్న వంతుకు కూడా తట్టుకునేలా చేసినవి కావు. ఒక్క 0.1 బార్, అంటే ఒక మీటరు ఎత్తు నీటి ఒత్తిడి, అర చదరపు మీటరు గోడ మీద దాదాపు 500 కిలోల బరువుతో సమానంగా తోస్తుంది. మంచం చెక్క ఎందుకు లేచిందో వేరే చెప్పక్కర్లేదు.

చెక్క తీసి చూశాక కనిపించింది ఇది. ట్యాంకు పై మూల నుంచి వచ్చే వెంట్ పైపు చివర ఒక బోల్టు దూర్చి, దాని మీద క్లాంపు బిగించారు. బండి బయటి గోడకు వెంట్ తూటు ఉండాల్సిన చోట సిలికాన్ నింపి, పైన బండి రంగే పూశారు. గోటితో గీకితే రబ్బరు చెక్కులా ఊడి వచ్చింది. రంగు వేశారంటే ఎవరూ గమనించకూడదని వేసినట్టే. అమ్మినాయన్ని అడిగితే "పాత బండి కదా, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామని ముందే చెప్పాం" అన్నారు. పాతబడి పాడవడం వేరు, ఉన్న దారిని బోల్టుతో బిగించి పైన రంగు వేయడం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టే మాటకు మీరెవరూ లొంగకండి.

అసలు ఎందుకు మూస్తారంటే, నిండు ట్యాంకుతో నడుపుతుంటే వెంట్ లోంచి నీళ్లు కారతాయి. బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు నీళ్లు ఎగసి పైపులోకి ఎక్కుతాయి. పైపు బయటి కొస ట్యాంకు నీటి మట్టం కంటే కిందికి ఉంటే సైఫన్ పట్టేసి, బండి ఆపినా సరే ధార ఆగదు, ట్యాంకు ఖాళీ అవుతూనే ఉంటుంది. దీనికి మందు పైపును ట్యాంకు కంటే వీలైనంత ఎత్తుకు తీసుకెళ్లి, వంపు తిప్పి, అప్పుడు బయటికి వదలడం. కొలిచి, విప్పి, మళ్లీ బిగించాల్సిన పని. బోల్టుతో అయితే చిటికెలో అయిపోతుంది. "నడిపేటప్పుడు నీళ్లు కారేవి, ఇప్పుడు బాగు చేయించాం" అని ఎవరైనా గొప్పగా చెబితే, ఎలా బాగు చేశారో పైపు చూపించమని అడగండి.

చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చేయాలంటే, ట్యాంకు నిండా నింపించండి. ఇది బేరం ఆడే విషయం కాదు. నింపేటప్పుడు నీళ్లు గుడగుడలాడి వెనక్కి తన్నకూడదు. నిండాక వెంట్ కొస నుంచి నీళ్లు బయట పడాలి, ఆ కొస ఎక్కడుందో కళ్లతో చూడాలి. కొన్ని బండ్లలో అది ఫిల్లర్ పక్కనే, అదే చిన్న తలుపు కింద సన్నని తూటుగా ఉంటుంది. కొన్నింట్లో నేల కింద వేలాడుతుంది. తర్వాత ఫిల్లర్ మూత మీ చేత్తో మీరే బిగించి, ట్యాపులన్నీ తిప్పి కొన్ని నిమిషాలు వదిలేయండి. ఈ పంపులు చాలావరకు నిమిషానికి 10 లీటర్లకు అటూ ఇటూగా తోడతాయి. ఐదు నిమిషాల్లో 50 లీటర్ల గాలి ఆ సన్నని పైపులోంచి రావాలన్నమాట. చేయి ట్యాంకు గోడ మీద ఆనించండి. లోపలికి పోతున్నట్టు తెలిసినా, పంపు మోత మారినా, మూత విప్పగానే గాలి పీల్చిన చప్పుడు వచ్చినా సంగతి తేలిపోయినట్టే.

ట్యాంకు కనిపించేలా మంచమో సోఫానో ఎత్తి చూపించమనండి. పైభాగం ఉబ్బెత్తుగా ఉందా, పట్టీలు ప్లాస్టిక్‌లోకి దిగబడ్డాయా, పైపులు కలిసే చోట చుట్టూ తెల్లని గీతలున్నాయా చూడండి. పాలిథిలీన్ ప్లాస్టిక్ ఎక్కువగా సాగితే అక్కడ తెల్లబడుతుంది. రంగు పోని గుర్తు అది. నా ట్యాంకులో అవన్నీ ఉన్నాయి, చూడనివ్వని మంచం కింద.

అందరూ మోసం చేసేవాళ్లే అని నేను అనడం లేదు. ఎవరి తప్పూ లేకుండా కూడా ఈ పైపు పూడుకుపోతుంది. జాలీ లేకపోతే మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు, సాలెపురుగులకు ఆ తూటు చక్కని ఇల్లు. పాత పైపు వేడికి మెత్తబడి మడత పడుతుంది. అన్నిటికంటే కనిపెట్టడం కష్టమైనది పైపు మధ్యలో జారి బొజ్జలా వేలాడటం. ఆ వంపులో నీళ్లు నిలుస్తాయి. పది సెంటీమీటర్ల లోతున నీళ్లు నిలిస్తే, వాటిని తోసుకుని పోవడానికి గాలికి అంత ఒత్తిడి కావాలి. ఫిల్లర్ ట్యాంకు కంటే కొద్దిగానే ఎత్తులో ఉండే బండ్లలో ఆ ఒత్తిడి రాదు, నీళ్లు వెనక్కి తన్నేస్తాయి. పైపు తీసి చూస్తే ఎక్కడా అడ్డు ఉండదు, అంతా శుభ్రంగా కనిపిస్తుంది. ఎక్కడా పల్లం లేకుండా, ట్యాంకు నుంచి పైకి ఒకటే వాలుగా క్లిప్పులతో బిగిస్తే సరిపోతుంది. అడ్డు ఉందేమో చూడటానికి కంప్రెసర్ గాలి మాత్రం పెట్టనివ్వకండి, అదే ట్యాంకును ఉబ్బించేస్తుంది. శుభ్రమైన పైపు ముక్క తగిలించి నోటితో ఊదితే చాలు, రెండో మనిషి ఫిల్లర్ దగ్గర చెవి పెట్టి వింటాడు.

ఇప్పటికే కొనేసి ఉంటే రిపేరు విషయంలో రెండు మాటలు. పాత పైపును మెలితిప్పి లాగొద్దు, ట్యాంకుకు అతికిన ప్లాస్టిక్ ముక్కు పుటుక్కున విరుగుతుంది. పైపును జాగ్రత్తగా పొడవునా కోసి ఒలిచేయండి. ముక్కు విరిగితే సిలికాన్‌తోనో, పీవీసీ గమ్‌తోనో అతికిస్తామనేవాళ్లను నమ్మొద్దు. ఈ ట్యాంకులు ఎక్కువగా పాలిథిలీన్‌వి, దాని మీద అవేవీ నిలబడవు. అదే ప్లాస్టిక్ కడ్డీతో వెల్డింగ్ చేయించాలి, లేదా రబ్బరు సీలుతో బిగించే కొత్త ఫిట్టింగు ట్యాంకు పైముఖానికి పెట్టించాలి. కొత్త పైపు తాగునీటికి పనికొచ్చే రకమే కావాలి. పారదర్శకమైన మామూలు పైపులో వెలుతురు తగిలి పాచి పడుతుంది. బయటి కొసను కిందికి తిప్పి సన్న జాలీ బిగించండి.

పని అయ్యాక సువాసన కలపని మామూలు ద్రవ బ్లీచ్, 5 శాతం రకమైతే, లీటరు నీటికి 1 మిల్లీలీటరు చొప్పున కలిపి ట్యాంకు నింపండి. ప్రతి ట్యాపులోనూ వాసన వచ్చేదాకా వదిలి, కొన్ని గంటలు ఉంచి, పారబోసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి. బోల్టు కొట్టిన పైపులో పేరుకున్న నల్లటి జిగురు చూశాక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇంకొకటి, మరీ పాత బండ్లు చూసేవాళ్లకు. 1960ల నాటి కొన్నింట్లో నీళ్లు తోడే పంపు ఉండదు. చిన్న ఎయిర్ కంప్రెసర్ ట్యాంకులోకి గాలి ఎక్కించి ఆ ఒత్తిడితో నీళ్లను తోస్తుంది. అలాంటి ట్యాంకుకు తెరిచి ఉండే వెంట్ ఉండదు, ఉండకూడదు కూడా. కానీ ఆ ట్యాంకు ఒత్తిడికి తట్టుకునే లోహపు ట్యాంకు అయి ఉండాలి. దాన్ని తీసేసి ప్లాస్టిక్ ట్యాంకు పెట్టి, పాత కంప్రెసర్ లైను అలాగే ఉంచేశారని కనిపిస్తే, ఆ లైను విప్పించి వెంట్ పెట్టించేదాకా ఎవరినీ స్విచ్ వేయనివ్వకండి.