టెర్మక్స్, పక్కన ప్రూట్ డెబియన్: ఫోన్‌లో లినక్స్‌ని చాన్నాళ్ళు వాడాక

టెర్మక్స్ అంటే ఆండ్రాయిడ్‌లో లినక్స్ కమాండ్లు, ప్రోగ్రామ్‌లు నడిపే టెర్మినల్ యాప్. దానితో ఫోన్‌లో పైథాన్, నోడ్, సీ రాసుకోవచ్చా అంటే, శుభ్రంగా రాసుకోవచ్చు. రోజువారీ పనికి నమ్ముకోవచ్చా అంటే, నమ్ముకోవచ్చు గానీ ఆండ్రాయిడ్‌తో పేచీ తప్పదు. ఆ పేచీ ప్రాసెసర్ దగ్గర రాదు. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు మధ్యరకం ఫోన్ కూడా గిట్, క్లాంగ్, ఒక చిన్న జాంగో సర్వర్‌ని తడబడకుండా నడుపుతుంది. నడుస్తున్న ప్రాసెస్‌లను సిస్టమ్ చంపేయడం, లైబ్రరీ తేడాలు, స్టోరేజీ అనుమతులు, పేచీ అంతా ఈ మూడింటితోనే. ఇక్కడ రాసేదంతా రూట్ చేయని 64 బిట్ ఏఆర్‌ఎం ఫోన్ గురించి.

ముందు యాప్ ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలన్నది. ఓపెన్ సోర్స్ యాప్‌ల దుకాణం ఎఫ్-డ్రాయిడ్ గానీ, గిట్‌హబ్‌లో టెర్మక్స్ విడుదలల పేజీ గానీ. ఈ రెండు చోట్లా సంతకం చేసిన కీలు వేరు. కాబట్టి టెర్మక్స్ ఒక చోటు నుంచి, టెర్మక్స్ ఏపీఐ, బూట్, విడ్జెట్ లాంటి తోడు యాప్‌లు ఇంకో చోటు నుంచి తెస్తే ఇన్‌స్టాలే కావు. ప్లే స్టోర్ వెర్షన్ 2020 తర్వాత చాన్నాళ్ళు అప్‌డేట్ లేకుండా ఉండిపోయింది. కారణం ఇది: ఆండ్రాయిడ్ 10ని టార్గెట్ చేసిన యాప్ తన డేటా ఫోల్డర్‌లోకి దించుకున్న ప్రోగ్రామ్‌ని నేరుగా నడపకూడదన్న నియమం వచ్చింది. టెర్మక్స్ చేసే పనే అది. అందుకే అసలు వెర్షన్ ఇప్పటికీ ఏపీఐ 28నే, అంటే ఆండ్రాయిడ్ 9నే, టార్గెట్ చేస్తుంది. ప్లే స్టోర్‌లో తర్వాత వచ్చినది వేరే దారిలో కట్టినది, కొన్ని సౌకర్యాలు తక్కువ. ఎఫ్-డ్రాయిడ్‌దే పెట్టుకోండి.

ఇన్‌స్టాల్ కాగానే 'టెర్మక్స్-చేంజ్-రెపో' నడిపి ప్యాకేజీలు దించుకునే దగ్గరి మిర్రర్ సర్వర్ ఎంచుకుని, 'పీకేజీ అప్‌గ్రేడ్' పూర్తిగా కానివ్వాలి (పీకేజీ అంటే టెర్మక్స్‌లో ప్యాకేజీలు పెట్టే కమాండ్). మధ్యలో కాన్ఫిగ్ ఫైల్ మార్చాలా అని అడిగితే, కొత్తగా పెట్టిన టెర్మక్స్‌లో మీరు దిద్దుకున్నదేమీ ఉండదు కాబట్టి 'వై' కొట్టేయొచ్చు. ఆ తర్వాతే గిట్, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్, క్లాంగ్, మేక్, నోడ్‌జేఎస్-ఎల్‌టీఎస్. ఈ వరస ఎందుకంటే, టెర్మక్స్ ప్యాకేజీలకు పాత వెర్షన్‌లు నిలవ ఉండవు, అన్నీ కలిసి ముందుకు జరుగుతుంటాయి. అప్‌గ్రేడ్ చేయకుండా కొత్తదొకటి దించితే అది కొత్త లైబ్రరీ కోసం వెతుకుతుంది, మీ దగ్గర పాతది ఉంటుంది. అప్పుడు 'కెనాట్ లింక్ ఎగ్జిక్యూటబుల్' అన్న లైను పలకరిస్తుంది. మందు ఒక్కటే: మళ్ళీ పూర్తి అప్‌గ్రేడ్.

ఇక అసలు తలనొప్పి. బిల్డ్ నడుస్తుంటుంది, మీరు బ్రౌజర్‌లోకి వెళ్ళి వచ్చేసరికి 'ప్రాసెస్ కంప్లీటెడ్, సిగ్నల్ 9' అని ఒక్క ముక్క మిగిలి ఉంటుంది. ఎర్రర్ లేదు, లాగ్ లేదు. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌లు పుట్టించే పిల్ల ప్రాసెస్‌ల మీద పరిమితి పెట్టారు. అన్ని యాప్‌లకూ కలిపి 32. ఆ పరిమితి దాటినా, వెనకాల ఉండి సీపీయూ ఎక్కువ తిన్నా, సిస్టమ్ ఆ ప్రాసెస్‌లని తీసేస్తుంది. మేక్‌ని 8 జాబులతో నడిపితే ఒక్కో జాబుకి ఒక షెల్, ఒక కంపైలర్. పక్క సెషన్‌లో నోడ్ వాచర్, ఇంకోదాంట్లో ఎస్‌ఎస్‌హెచ్ ఉంటే 32 అనేది ఎంతసేపు?

ఆండ్రాయిడ్ 14, ఆ పైన అయితే డెవలపర్ ఆప్షన్లలో 'డిసేబుల్ చైల్డ్ ప్రాసెస్ రిస్ట్రిక్షన్స్' అనే మీట ఉంటుంది. వేస్తే సరి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఆ మీట కనబడదు. వాటికీ, 12ఎల్, 13లకూ ఏడీబీ (ఫోన్‌కి డెవలపర్ కమాండ్లు పంపే టూల్) దారి: గ్లోబల్ సెట్టింగ్స్‌లో 'సెట్టింగ్స్_ఎనేబుల్_మానిటర్_ఫాంటమ్_ప్రాక్స్' విలువని 'ఫాల్స్' చేయాలి. దీనికి ల్యాప్‌టాప్ అక్కర్లేదు. టెర్మక్స్‌లోనే 'ఆండ్రాయిడ్-టూల్స్' ప్యాకేజీ వేసుకుని, వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఫోన్ తనకు తానే జత కట్టుకోవచ్చు. ఇక్కడ చాలామంది రెండు చోట్ల ఆగిపోతారు. జత కోడ్ చూపించే పెట్టె, సెట్టింగ్స్ నుంచి బయటికి రాగానే మాయమై కోడ్ చెల్లకుండా పోతుంది. కాబట్టి సెట్టింగ్స్, టెర్మక్స్ రెండూ స్ప్లిట్ స్క్రీన్‌లో పెట్టుకోవాలి. రెండోది, 'ఏడీబీ పెయిర్'కి ఇచ్చే పోర్టు నంబరు ఆ పెట్టెలోది, 'ఏడీబీ కనెక్ట్'కి ఇచ్చేది వెనక పేజీలోది. రెండూ వేరు, పైగా కనెక్ట్ పోర్టు మళ్ళీ ఆన్ చేసినప్పుడల్లా మారుతుంది.

ఆండ్రాయిడ్ 12లో మాత్రం ఈ సెట్టింగ్ లేదు. 'డివైస్_కాన్ఫిగ్'లో 'మ్యాక్స్_ఫాంటమ్_ప్రాసెసెస్' విలువ పెంచాలి, అది సింక్‌లో తిరిగి పాత విలువకు పోకుండా సింక్‌ని కూడా ఆపాలి. ఇవన్నీ చేసినా బ్యాటరీ పేజీలో టెర్మక్స్‌ని 'అన్‌రిస్ట్రిక్టెడ్' చేయడం, పని ఉన్నప్పుడు 'టెర్మక్స్-వేక్-లాక్' వేయడం మానకూడదు. అవి వేరే కాపలాదారుల కోసం. ర్యామ్ నిండి సిస్టమ్ చంపితే వీటిలో దేనికీ అది లొంగదు. 4 జీబీ ఫోన్‌లో పెద్ద టైప్‌స్క్రిప్ట్ బిల్డ్ పెట్టుకోవడం దండగ.

లైబ్రరీ తేడా సంగతి. టెర్మక్స్ ప్యాకేజీలు ఆండ్రాయిడ్ సొంత బయోనిక్ సీ లైబ్రరీ మీద కట్టినవి, మామూలు లినక్స్‌లో ఉండే జీలిబ్‌సీ మీద కాదు. అంచేత నెట్‌లో 'లినక్స్ ఏఆర్‌ఎం64' అని దొరికే జీలిబ్‌సీ బైనరీ దించి నడిపితే నడవదు. ఫైల్ కళ్ళెదురుగా ఉన్నా 'నో సచ్ ఫైల్' అంటుంది. లేనిది ఆ ఫైల్ కాదు, దాన్ని లోడ్ చేయాల్సిన లింకర్. పైథాన్‌లో ఇదే రోగం, ప్యాకేజీలు పెట్టే పిప్ రూపంలో వస్తుంది. నమ్‌పై అని కొడితే పిప్ మామూలు లినక్స్ వీల్‌ని (ముందే కట్టిన ప్యాకేజీని) ఒప్పుకోదు, సోర్స్ తెచ్చి కంపైల్ మొదలెడుతుంది, ఫోన్ వేడెక్కుతుంది, చివర్లో ఫెయిల్. నమ్‌పై, క్రిప్టోగ్రఫీ, మ్యాట్‌ప్లాట్‌లిబ్ లాంటివి పీకేజీతోనే, 'పైథాన్-నమ్‌పై' లేదా ఉత్త పేరుతో, తెచ్చుకోవాలి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కట్టేటప్పుడు 'సిస్టమ్-సైట్-ప్యాకేజెస్' జెండా వేస్తేనే అవి లోపలికి కనబడతాయి. ఇంకోటి: పైథాన్ 3.12 నుంచి 3.13కి జరిగినట్టు వెర్షన్ జరిగిన ప్రతిసారీ పాత ఎన్విరాన్‌మెంట్‌లు చచ్చిపోతాయి. రిక్వైర్‌మెంట్స్ ఫైల్ రాసి పెట్టుకోని వాళ్ళకి ఆ రోజు పండగే.

చిన్నచిన్నవి ఇంకా ఉన్నాయి. 1024 కంటే తక్కువ పోర్టు తెరవలేరు. ప్రాసెస్‌లని చూపించే హెచ్‌టాప్‌లో సీపీయూ గీతలు కదలవు, ఎందుకంటే ఆ లెక్కలుండే ప్రాక్ ఫైళ్ళని ఆండ్రాయిడ్ యాప్‌లకి మూసేసింది. హార్డ్ లింకులు కుదరవు, కాబట్టి యూవీ లాంటి పైథాన్ ప్యాకేజీ టూల్‌కి లింక్ మోడ్ 'కాపీ' అని చెప్పాలి. వెబ్ ప్రాజెక్టులకు వాడే వీట్ డెవ్ సర్వర్‌ని 'హోస్ట్' జెండాతో నడిపితే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ల జాబితా అడిగి ఎర్రర్ 13తో కూలిపోవచ్చు. ఓఎస్ మాడ్యూల్‌లోని 'నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్' ఫంక్షన్ ఖాళీ ఆబ్జెక్ట్ తిరిగిచ్చేలా ఒక చిన్న జావాస్క్రిప్ట్ ఫైల్ రాసి, నోడ్ ఆప్షన్స్‌లో దాన్ని ముందే లోడ్ చేయిస్తే లేస్తుంది.

వీటికి విసిగిన వాళ్ళు, టెర్మక్స్ లోపల డెబియన్ లాంటి పూర్తి లినక్స్‌ని పెట్టే ప్రూట్-డిస్ట్రోకి వెళ్తారు. 'పీకేజీ ఇన్‌స్టాల్ ప్రూట్-డిస్ట్రో', 'ప్రూట్-డిస్ట్రో ఇన్‌స్టాల్ డెబియన్', తర్వాత 'లాగిన్ డెబియన్'. అంతే, లోపల నిజమైన జీలిబ్‌సీ డెబియన్. పిప్ వీల్స్ గలగలా దిగుతాయి. కానీ ఇదేమీ వర్చువల్ మెషీన్ కాదు. ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్‌ని ప్రూట్, పీట్రేస్ అనే కెర్నల్ సౌకర్యంతో మధ్యలో పట్టుకుని దారులు మార్చి పంపుతుంది. లెక్కలు చేసే పనికి తేడా తెలీదు. వేల చిన్న ఫైళ్ళు తెరిచి మూసే పనికి, అంటే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్, గిట్ స్టేటస్, ఏపీటీ అప్‌గ్రేడ్, బాగా తెలుస్తుంది. రూట్ అని కనబడేది కూడా వేషమే. సిస్టమ్‌డీ లేదు, డాకర్ నడవదు, క్రోమియం 'నో-శాండ్‌బాక్స్' లేకుండా లేవదు. పోస్ట్‌గ్రెస్‌ని డెబియన్‌లో పెట్టాలని తంటాలు పడటం కంటే టెర్మక్స్ ప్యాకేజీనే వేసి 'ఇనిట్‌డీబీ' నడపడం సుఖం. ప్రూట్ లోపల్నుంచి కూడా లోకల్‌హోస్ట్ అదే, కాబట్టి బయటి డేటాబేస్ లోపలికీ అందుతుంది. నా సలహా: గిట్, ఎడిటర్, నోడ్, డేటాబేస్ బయట టెర్మక్స్‌లో ఉంచి, బయట కుదరని వాటికే డెబియన్‌లోకి దిగండి. అంతా డెబియన్‌లోనే పెట్టుకుంటే బ్యాటరీ, ఓపిక రెండూ తొందరగా అయిపోతాయి.

స్టోరేజీ విషయంలో ఒకటే సూత్రం: ప్రాజెక్ట్ టెర్మక్స్ హోమ్‌లో ఉండాలి. 'టెర్మక్స్-సెటప్-స్టోరేజ్' చేస్తే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కనబడుతుంది, బాగుందని రెపోని అక్కడ క్లోన్ చేయొద్దు. అక్కడ సింబాలిక్ లింకులు లేవు, ఎగ్జిక్యూట్ అనుమతి నిలవదు. నోడ్ మాడ్యూల్స్‌లోని బిన్ ఫోల్డర్ అక్కడే విరుగుతుంది. అది ఫైళ్ళు అటూఇటూ మోసుకోవడానికే.

టెర్మినల్‌లో తెలుగు చూడటం కష్టం. టెర్మినల్ స్క్రీన్‌ని గళ్ళుగా లెక్కేస్తుంది. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, దానికి మూడు గళ్ళు. ఒత్తు విడిపోయి గానీ, అక్షరం నలిగి గానీ కనబడుతుంది, కర్సర్ ఒకచోట ఉంటే చెరిగేది ఇంకోచోట. ఫైల్‌కేమీ కాదు, యూటీఎఫ్-8 బైట్లు భద్రంగానే ఉంటాయి. తెలుగు స్ట్రింగులతో పనుంటే 'టీయూఆర్-రెపో' (టెర్మక్స్ యూజర్ల అదనపు ప్యాకేజీల రెపో) కలుపుకుని, వీఎస్ కోడ్‌ని బ్రౌజర్‌లో చూపించే కోడ్-సర్వర్ వేసి, ఫోన్ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8080 తెరవండి. తెలుగు అచ్చంగా వస్తుంది. దాని ఎక్స్‌టెన్షన్‌లు ఓపెన్ వీఎస్‌ఎక్స్ అనే ఎక్స్‌టెన్షన్ల భాండారం నుంచి వస్తాయి, లోపల లినక్స్ బైనరీ మోసుకొచ్చేవి పనిచేయవు. టెర్మినల్‌లోకే తెలుగు టైప్ చేయాలంటే, కింద ఎస్కేప్, కంట్రోల్ మీటలున్న వరసని ఎడమకి జరపండి. మామూలు టెక్స్ట్ పెట్టె వస్తుంది, అందులో కీబోర్డ్ తెలుగు సూచనలన్నీ పనిచేస్తాయి. వాల్యూమ్ తగ్గించే బటన్ కంట్రోల్‌గా పనిచేస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి.

డెస్క్‌టాప్ కావాలంటే తెర చూపించే టెర్మక్స్ ఎక్స్11 యాప్, దాని మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. ఆరు అంగుళాల తెర మీద అదొక వింతే తప్ప పని కాదు. బయటి మానిటర్ ఉంటే వేరే మాట, కానీ ఫోన్ యూఎస్‌బీ-సీలో డిస్‌ప్లేపోర్ట్ ఉండాలి. యూఎస్‌బీ 2.0 ఫోన్లకి హెచ్‌డీఎంఐ అడాప్టర్ కొంటే డబ్బు దండగ.

పిక్సెల్ ఫోన్లలో 2025 మార్చి అప్‌డేట్‌తో గూగుల్ సొంత టెర్మినల్ యాప్ వచ్చింది. డెవలపర్ ఆప్షన్లలో 'లినక్స్ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్' వేస్తే డెబియన్ దిగుతుంది. ఇది నిజమైన వర్చువల్ మెషీన్, సొంత కెర్నల్, సొంత సిస్టమ్‌డీ. ప్రూట్ తిప్పలేవీ లేవు. అయితే ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్‌ని ఫోన్ తయారీదారు తెరిచి ఉంచాలి, ఆండ్రాయిడ్ వెర్షన్ కొత్తదైనంత మాత్రాన రాదు. మెషీన్‌కి ర్యామ్ విడిగా కేటాయించాలి కాబట్టి బరువు ఎక్కువే. ఆ ఫోన్ చేతిలో ఉంటే డెబియన్ పనికి అదే వాడి, త్వరగా అయ్యే పనులకి టెర్మక్స్ ఉంచుకోవచ్చు.

ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌లోకి రావాలంటే 'పాస్‌డబ్ల్యూడీ'తో పాస్‌వర్డ్ పెట్టి 'ఎస్‌ఎస్‌హెచ్‌డీ' నడపాలి. పోర్టు 22 కాదు, 8022. కీ కాపీ చేసుకున్నాక పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయండి, హాస్టల్ వైఫై మీద ఉన్నవాళ్ళు మరీను.

బ్యాకప్ గురించి ఒక హెచ్చరిక. యాప్ తీసేస్తే హోమ్ ఫోల్డర్‌తో సహా అంతా పోతుంది. 'టెర్మక్స్-బ్యాకప్' అనే కమాండ్ ఉంది గానీ, అది ప్యాకేజీలుండే 'యూఎస్ఆర్' భాగాన్నే కడుతుంది, హోమ్‌ని ముట్టుకోదు. మీ కోడ్ ఉండేది హోమ్‌లో. టార్‌తో టెర్మక్స్ 'ఫైల్స్' ఫోల్డర్‌లోని హోమ్, యూఎస్ఆర్ రెంటినీ కలిపి ఎస్‌డీకార్డ్ దారిలోకి, అంటే ఫోన్ షేర్డ్ స్టోరేజీలోకి, కట్టండి, ఆ ఫైల్‌ని ఫోన్ దాటించండి. ప్రూట్ డెబియన్ యూఎస్ఆర్ లోపలే ఉంటుంది కాబట్టి ఆర్కైవ్ పెద్దదవుతుంది. దాన్ని 'ప్రూట్-డిస్ట్రో బ్యాకప్'తో విడిగా కట్టి, ఈ టార్‌లోంచి మినహాయించడం మేలు.