డాలస్ శివార్లలో బడి వెతుకులాట: ఆరు రోజుల అనుభవం

ఫ్రిస్కోలో మేము అద్దెకు తీసుకోబోయిన ఇల్లు అసలు ఫ్రిస్కో బడుల పరిధిలోనే లేదన్న సంగతి, ఒప్పందం మీద సంతకం పెట్టడానికి ముందురోజు సాయంత్రం, పార్కులో ఉయ్యాల దగ్గర మాట కలిపిన ఒక కడప ఆవిడ వల్ల తెలిసింది. రెండు రోజులుగా మాతో తిరుగుతున్న రియల్టర్ ఆ ముక్క చెప్పలేదు. ప్రకటనలో బడి పేరు స్పష్టంగా ఉంది, అడిగితే అవునన్నాడు, దరఖాస్తు రుసుము కింద నాకూ మా వారికీ చెరో 75 డాలర్లు కట్టించాడు. ఆ 150 డాలర్లు ఇప్పటికీ తిరిగి రాలేదు. పిల్లల బడి చూసి ఇల్లు ఎంచుకుందామని డాలస్ వచ్చే మన వాళ్లు మరెవరూ ఇలా నష్టపోకూడదని ఇది రాస్తున్నాను.

మేము ఉండేది ఒహాయోలోని కొలంబస్‌లో. మా వారికి ఫ్రిస్కో పక్కనే ఉన్న ప్లానోలో ఉద్యోగం ఖాయమైంది. అమ్మాయికి జూలైలో అయిదేళ్లు నిండుతాయి. సెప్టెంబరు 1 నాటికి అయిదు నిండిన పిల్లలను టెక్సస్‌లో కిండర్‌గార్టెన్‌లో చేర్చుకుంటారు కనుక, ఆగస్టుకల్లా బడి తేలాలి. అందుకే 2025 ఏప్రిల్ రెండో వారంలో నలుగురం బయలుదేరాము. నాలుగో వారు మా మామయ్యగారు. ప్రకాశం జిల్లాలో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసి, ఆరు నెలల కోసం మా దగ్గరికి వచ్చారు. "బడి చూడటానికయితే నేనూ వస్తానమ్మా" అన్నారు. విమానం టికెట్లకు 856 డాలర్లు, వారానికి కారు అద్దె 318 డాలర్లు అయ్యాయి. ప్రయాణం సాఫీగానే జరిగింది.

బస మాత్రం బాధపెట్టింది. వంటగది ఉన్న గదులని చూసి టోల్‌వే పక్కనున్న ఒక హోటల్లో ఆరు రాత్రులకు 894 డాలర్లు కట్టాము. వెళ్లి చూస్తే పొయ్యి ఉంది గాని గిన్నె లేదు, గరిటె లేదు, కంచం లేదు. కౌంటరు దగ్గర అడిగితే వంట సామాను పెట్టెకు 25 డాలర్లు వేరుగా కట్టాలన్నారు. కట్టాము. ఆ పెట్టెలో ఒక మూకుడు, మూతలేని ఒక చిన్న గిన్నె, రెండు ఫోర్కులు ఉన్నాయి. మామయ్యగారికి చక్కెర వ్యాధి ఉంది, వేళకు తినాలి, బయటి తిండి పడదు. మొదటి రాత్రి ఆ గిన్నె మీద మూకుడు బోర్లించి అన్నం వండాను. పొంగిన గంజి పొయ్యి మీద పడి పొగ వస్తే, గోడకున్న అలారం మోగింది, అమ్మాయి ఏడుస్తూ తాతయ్య మెడ పట్టుకుంది. మర్నాడు గది శుభ్రం చేసినందుకంటూ మరో 40 డాలర్లు బిల్లులో కనిపించాయి. మేనేజరు నాతో మాట్లాడినంతసేపూ కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు వంటగది ఉందా అని అడిగి ఊరుకోకండి. గిన్నెలు ఉన్నాయా, వాటికి రుసుము ఉందా అని కూడా అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇంకో ఖర్చు టోల్. అక్కడి టోల్ రోడ్ల మీద డబ్బు కట్టించుకునే మనుషులు లేరు, కెమెరాలే ఉన్నాయి. మేము తిరిగిన టోల్ మొత్తం 31 డాలర్లయితే, కారు అద్దె సంస్థ రోజువారీ సేవా రుసుము కలిపి 90 దాటించింది. ప్లానో, ఫ్రిస్కోల మధ్య తిరగడానికి ప్రెస్టన్ రోడ్డు చాలు.

ఇక అసలు సంగతి. మన ఊళ్లలో ఊరి బడి ఊరిదే. అక్కడ ఊరు వేరు, బడుల పరిధి వేరు. ఫ్రిస్కో నగరం ఒక్కటే అయినా అందులోని ఇళ్లు ఫ్రిస్కో, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ అనే నాలుగు విద్యా డిస్ట్రిక్టుల మధ్య పంచుకుని ఉంటాయి. ఫ్రిస్కో డిస్ట్రిక్టు బడులేమో ప్లానో, మెకినీ, లిటిల్ ఎల్మ్ నగరాల్లోకి కూడా చొచ్చుకుని ఉంటాయి. ఉత్తరాల చిరునామాలో ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన పిల్ల ఫ్రిస్కో బడికి వెళ్తుందని కాదు. నేను వీధి పేరు చెప్పగానే కడప ఆవిడ, "అది ఫ్రిస్కో ఊరే గానీ ఫ్రిస్కో బడి కాదక్కా, మా ఆడపడుచు అట్లనే మోసపోయింది" అంది. ప్రతి డిస్ట్రిక్టు వెబ్‌సైటులోనూ ఇంటి నంబరు, వీధి పేరు ఇస్తే ఏ బడో చూపించే పేజీ ఉంటుందని చెప్పి, అక్కడే తన ఫోనులో తీసి చూపించింది. మా ఇంటి నంబరు కొడితే ఫలితాలు ఏవీ రాలేదు. పక్క డిస్ట్రిక్టు పేజీలో కొడితే వచ్చింది. ఆ పక్క డిస్ట్రిక్టు బడి చెడ్డదని నేననడం లేదు. చెప్పినదొకటి, ఇవ్వబోయినదొకటి కావడమే నా బాధ. మర్నాడు ఫోను చేస్తే రియల్టర్, ప్రకటనలో సమాచారం "నమ్మదగినదే గాని హామీ కాదు" అని కింద చిన్న అక్షరాల్లో ఉందన్నాడు. మా వారు నెమ్మది మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడరు. ఆ రోజు ఫోను పెట్టేసి, కారు దిగి, ఆ పార్కింగ్ స్థలంలో చాలాసేపు ఒక్కరే నడిచారు.

ఇంకొక చిక్కు కూడా ఆ ఆవిడే చెప్పింది. ఇల్లు సరిగ్గా ఆ బడి పరిధిలోనే ఉన్నా, బడి నిండిపోతే కొత్త పిల్లలను మరో బడికి పంపుతారు. టెక్సస్ చట్టం ప్రకారం కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో తరగతి వరకు ఒక్కో తరగతి గదిలో 22 మందికి మించకూడదు. కొత్త కాలనీలు మొలిచే చోట ఈ పరిమితి త్వరగా నిండిపోతుంది. పైగా అటువంటి కాలనీల్లో మామూలు ఆస్తి పన్నుకు తోడు నీళ్లు, మురుగు కాలువల అప్పు తీర్చడానికి మడ్ అనే అదనపు పన్ను కూడా ఉండవచ్చు. ఇల్లు కొనేవారు దాన్ని తప్పక అడగాలి.

మూడో రోజు, వెబ్‌సైటుల రేటింగులో పదికి పది అని అందరూ చెప్పుకునే ఒక కొత్త బడికి వెళ్లాము. లోపలికి రానివ్వలేదు. అవి రాష్ట్రవ్యాప్తంగా స్టార్ అనే ప్రభుత్వ పరీక్షలు జరిగే రోజులు, పరీక్ష నాడు బయటివాళ్లను అనుమతించరు. ఆ నియమం సరైనదే, ముందు తెలుసుకోకపోవడం మా తప్పు. అయితే గోడకున్న మైకులోంచి వచ్చిన గొంతు ఎప్పుడు రావాలో చెప్పలేదు, ఎవరికి రాయాలో చెప్పలేదు, నేను రెండో ప్రశ్న అడుగుతుండగానే ఆగిపోయింది. ఎండలో మామయ్యగారు ఆ మైకు వంక చూస్తూ నిలబడి, "బడి గుమ్మం దగ్గర మనిషి ఉండాలి కదమ్మా" అన్నారు. మధ్యాహ్నం బడి వదిలే వేళకు మళ్లీ వెళ్లి, రోడ్డుకు ఆవల కారు ఆపి చూశాము. పిల్లలను ఎక్కించుకునే కార్ల వరుస బడి చుట్టూ తిరిగి పెద్ద రోడ్డు దాకా వచ్చింది. చివరి కారు కదలడానికి 38 నిమిషాలు పట్టింది. రెండు మైళ్ల లోపు ఇళ్లున్న పిల్లలకు మామూలుగా రాష్ట్రం బస్సు ఖర్చు ఇవ్వదు కనుక, చాలా చోట్ల ఈ వరుసే దిక్కు. ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులు బడి ఎంచుకునే ముందు ఒక్క మధ్యాహ్నం ఇలా నిలబడి చూడాలి.

ఆ పదికి పది గురించి కూడా చెప్పాలి. ఆ అంకెలు ఎక్కువగా పరీక్షా ఫలితాల మీద ఆధారపడి వస్తాయి, ఆ పరీక్షలు మూడో తరగతితో మొదలవుతాయి. కిండర్‌గార్టెన్ టీచరు అయిదేళ్ల పిల్లకు పెన్సిలు పట్టుకోవడం ఎంత ఓపికగా నేర్పుతుందో ఆ అంకెలో కనబడదు. చదువుకున్న తల్లిదండ్రులు, సాయంత్రం లెక్కల క్లాసులు, శనివారం ఇంగ్లీషు క్లాసులు, ఇవన్నీ కలిసి వచ్చిన మార్కుల్లో బడి వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. రాష్ట్రం బడులకు ఇచ్చే ఏ నుంచి ఎఫ్ వరకు గ్రేడ్లు కూడా మేము వెళ్లిన సమయానికి పాతవే. 2023వి కోర్టు వ్యాజ్యాల్లో ఆగిపోయి, మేము తిరిగి వచ్చిన రెండు వారాలకు వెలువడ్డాయి.

కాపెల్‌లో ఒక పూట తిరిగాము, ఊరు నచ్చింది, అద్దెలు అందలేదు. అయితే అక్కడే ఒక విషయం తెలిసి ఆశ్చర్యపోయాను. ఇంత సంపన్నమైన శివార్లలో కూడా ప్రభుత్వ బడులు మూతపడుతున్నాయి. కాపెల్ డిస్ట్రిక్టు 2024 డిసెంబరులో పింకర్టన్ ఎలిమెంటరీని మూసివేయాలని నిర్ణయించింది. ప్లానో అంతకు ముందు జూన్‌లో డేవిస్, ఫోర్మన్ ఎలిమెంటరీలతో సహా నాలుగు బడులను మూయాలని తీర్మానించింది. పిల్లలు పెద్దవాళ్లయి వెళ్లిపోయిన ఇళ్లలో తల్లిదండ్రులే మిగిలారు, ఆ ఇళ్లను చిన్న పిల్లలున్నవాళ్లు కొనలేకపోతున్నారు. రాష్ట్రం డబ్బు ఇచ్చేది హాజరైన పిల్లల లెక్కన. ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల మొత్తం 2019 నుంచి మేము వెళ్లేనాటి వరకు 6,160 డాలర్ల దగ్గరే ఉండిపోయింది, ధరలు మాత్రం ఎంతో పెరిగాయి. పైగా ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టుల పన్నులో కొంత రాష్ట్రం వెనక్కి తీసుకునే పద్ధతి 1993 నుంచి ఉంది, అక్కడివాళ్లు దాన్ని రాబిన్ హుడ్ అంటారు. ఈ మాటలు విని మామయ్యగారు ఆ సాయంత్రమంతా మౌనంగా ఉన్నారు. కాన్వెంటు వ్యాన్లు ఊళ్లోకి రావడం మొదలయ్యాక తన బడిలో పిల్లలు తగ్గిపోవడం ఆయన కళ్లారా చూశారు. పిల్లలు లేక ఖాళీ అయిన తరగతి గది తలుపు తాళం తానే వేశానని ఇదివరకు ఒకసారి చెప్పారు.

అయిదో రోజు మాకు కావలసింది దొరికింది. ప్లానోలో, 1980ల నాటి ఇళ్ల మధ్య, పెద్ద ఓక్ చెట్ల కింద ఉన్న ఒక ఒంటి అంతస్తు బడి. వెబ్‌సైటుల్లో దాని అంకె ఏడు. ముందురోజు ఈమెయిలు రాస్తే గంటలో జవాబు వచ్చింది. తలుపు దగ్గర తుపాకీ పెట్టుకున్న గార్డు ఉన్నాడు. 2022లో యువాల్డీలో పిల్లలపై జరిగిన కాల్పుల తర్వాత, ప్రతి బడికీ సాయుధ రక్షణ ఉండాలని టెక్సస్ 2023లో చట్టం చేసింది. అయిదేళ్ల పిల్లను అలాంటి గుమ్మం దాటించి పంపాలంటే నాకు గుండె బరువెక్కింది, ఇప్పటికీ ఎక్కుతుంది.

లోపల కార్యాలయంలో గుర్తింపు కార్డును యంత్రంలో పెడితే మన ఫొటోతో స్టిక్కరు వస్తుంది. మామయ్యగారి పాస్‌పోర్టును ఆ యంత్రం మూడుసార్లు తిప్పికొట్టింది. అక్కడున్న ఆవిడ విసుక్కోలేదు. ఖాళీ స్టిక్కరు తీసుకుని, పేరెలా పలకాలో ఆయననే అడిగి, తాను రెండుసార్లు పలికి చూసి, చేత్తో రాసింది. కింద, ఆయన ఏం చేసేవారో తెలుసుకుని "ప్రిన్సిపాల్" అని కూడా రాసింది. ఆ స్టిక్కరును ఆయన చొక్కా జేబు పైన అంటించుకున్నారు.

అసిస్టెంట్ ప్రిన్సిపాల్ నలభై నిమిషాలు మాతో నడిచారు. గ్రంథాలయంలో కింది అరలు అయిదేళ్ల పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయి, వాటిలోని పుస్తకాల అంచులు నలిగిపోయి ఉన్నాయి. మామయ్యగారు ఒక్కో పుస్తకం అట్ట తెరిచి చూసి, "చదువుతున్నారమ్మా, ఇవి చూపించడానికి పెట్టినవి కావు" అని నాతో మెల్లగా అన్నారు. కిండర్‌గార్టెన్ తరగతిలో 19 మంది ఉన్నారు. పిల్లల సంఖ్య తగ్గుతోంది కదా, ఈ బడినీ మూసేస్తారా అని మా వారు అడిగారు. ఆవిడ మాట దాటెయ్యలేదు. రాబోయే ఏళ్లలో ఏ బడి పేరు చర్చకు వస్తుందో తాను హామీ ఇవ్వలేనని, అటువంటిది జరిగితే పిల్లలందరికీ దగ్గరి బడిలో చోటు ఇస్తారని ఉన్నదున్నట్టు చెప్పారు. ఆరు రోజుల్లో "నాకు తెలియదు" అని మాతో చెప్పిన మనిషి ఆవిడ ఒక్కరే, నా నమ్మకం ఆ మాటతోనే కుదిరింది.

నడిచి ఆరు నిమిషాల దూరంలో నెలకు 2,650 డాలర్లకు పాత ఇల్లు దొరికింది. ఫ్రిస్కో ఇంటికి 3,150 అడిగారు. ఈసారి ఇంటి నంబరు నేనే వెబ్‌సైటులో చూసి, బడికి ఫోను చేసి మరోసారి ఖాయం చేసుకున్న తర్వాతే దరఖాస్తు ఇచ్చాను. చేర్పించడానికి జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు అడుగుతారు. వీసా గురించి బెంగపడేవారు ఒకటి తెలుసుకోవాలి. వలస పత్రాలు లేవన్న కారణంతో పిల్లలకు బడి నిరాకరించకూడదని 1982లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కేసు టెక్సస్‌లోని టైలర్ ఊరి నుంచే వెళ్లింది.

ఆ కాగితాల్లో ఇంటి భాష గురించి ప్రశ్నలుంటాయి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, బిడ్డ ఏ భాష మాట్లాడుతుంది అని. ఇంగ్లీషు కాకుండా మరో భాష రాస్తే బిడ్డకు ఇంగ్లీషు పరీక్ష పెడతారు, అవసరమైతే అదనపు ఇంగ్లీషు బోధన ఇస్తామంటారు, తల్లిదండ్రులు వద్దంటే మానేస్తారు. ఆ పరీక్ష బెడద లేకుండా ఇంగ్లీషు అని రాసేయమని నలుగురు చెప్పారు. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడుతూ, బిడ్డ బడి మొదటి కాగితం మీద అబద్ధం రాయడం నాకు ఇష్టం లేదు. అదనపు సాయం అక్కర ఉంటే అందితే మంచిదే, అక్కర లేకపోతే పరీక్షలోనే తేలుతుంది. మామయ్యగారు పక్కన కూర్చుని చూస్తుండగా రెండు గడుల్లోనూ తెలుగు అని రాశాను.

కరెంటు బిల్లు ఒక్కటే ఇంకా ఇవ్వలేదు. జూన్ 1న ఇంట్లో దిగాక మొదటి బిల్లు పట్టుకుని మళ్లీ ఆ కార్యాలయానికి వెళ్లాలి. మామయ్యగారు అప్పటికి ఒంగోలు వెళ్లిపోతారు. స్టిక్కరు మాత్రం ఆయన పాస్‌పోర్టు కవరు లోపలే ఉంది.